మతచరిత్రలో మన పద్దు ఎక్కడ?

ఇటీవల మన ప్రాంతమునందలి ఒక కళాశాలకు దూరమునుండి ఒక మతచరిత్రకారులు విచ్చేసి, కోలారు సీమలో మతములు వర్ధిల్లిన విధమును గూర్చి ఉపన్యసించిరి. వారి విద్వత్తును మేము శంకింపము. కువలాలపురమున రాజ్యమేలిన గంగరాజులను, ఆ కాలపు జైనమును, కోలారమ్మ గుడిలోని చోళుల తమిళ శాసనములను, ఆవనియందలి నొళంబుల ఆలయములను, ముళబాగిలులోని శ్రీపాదరాజుల బృందావనమును, కోలారు పట్టణమున హైదరలీ తండ్రియైన ఫతే మహమ్మదు సమాధిని, బంగారు గనుల నీడలో వెలసిన చర్చీలను వరుసగా వర్ణించిరి. ఆ ప్రసంగమున సంస్కృతము వచ్చినది, కన్నడము వచ్చినది, తమిళము వచ్చినది, పారసీకము వచ్చినది, ఇంగ్లీషు వచ్చినది. తెలుగు అను మాట మాత్రము ఒక్కమారైనను రాలేదు.

సభ ముగిసిన పిమ్మట మనవారిలో రెండు అభిప్రాయములు వినవచ్చినవి. కొందరు కోపించి, "మన భాషను కావలెననియే దాచిపెట్టిరి" అనిరి. మరికొందరు నవ్వి, "మన తెలుగు పూజగదిలో పాడుకొనుటకును, పెండ్లిపందిరిలో పలుకరించుకొనుటకును చాలును, చరిత్రతో దానికేమి పని?" అనిరి. ఈ రెండును తప్పుడు అభిప్రాయములే యని మా దృఢవిశ్వాసము. మొదటిది ఇంటికి వచ్చిన అతిథిని నిందించును. రెండవది మన తాతముత్తాతలను చిన్నబుచ్చును. ఈ రెంటికిని సమాధానము చెప్పుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మొదట కోపించినవారితో మాటాడుదము. అతిథి యేమి చేయగలడు? ఏ విద్వాంసుడైనను క్రొత్త సీమకు పోవునప్పుడు అచ్చులో దొరకునది చదివి పోవును. మన జిల్లాను గూర్చి అచ్చులో దొరకున దేమి? బి. ఎల్. రైసు దొర కోలారు జిల్లా శాసనములను ఎపిగ్రాఫియా కర్నాటికా పదవ సంపుటముగా 1905లో ప్రచురించెను. అది గొప్ప గ్రంథము, సందేహము లేదు. నాటినుండి నేటివరకు ఈ సీమను గూర్చి వ్రాయబూనిన ప్రతివాడును ఆ సంపుటమునే ముందుగా తెరచును. కాని రాతిమీద అక్షరము చెక్కించుటకు ధనము కావలెను, అధికారము కావలెను. భూదానము చేసిన రాజును, గోపురము కట్టించిన దండనాయకుడును, పన్ను విడిచిపెట్టిన అధికారియు రాతి కెక్కిరి. రచ్చబండమీద కూర్చుండి ఏకతార మీటుచు తత్త్వము పాడినవానికి రాయి యెక్కడిది? రాళ్లనుబట్టి వ్రాసిన మతచరిత్ర దాతల చరిత్ర యగును గాని భక్తుల చరిత్ర కానేరదు.

వ్యాపారస్థులమైన మాకు ఈ సంగతి వేరొకరు బోధింప నక్కరలేదు. చిట్టాకెక్కని బేరము ఆవర్జాకు రాదు. ఆవర్జాకు రాని బాకీ ఏ న్యాయస్థానమునను నిలువదు. సరకు ఇచ్చినమాట సత్యమే కావచ్చును, ఊరంతయు ఎరిగినదే కావచ్చును. పద్దు లేనప్పుడు అడుగుటకు నోరు లేదు. మన భక్తికిని, మన గురువులకును, మన పాటలకును పట్టిన గతి యిదియే. సరకున్నది, పద్దు లేదు.

ఇక నవ్వినవారితో మాటాడుదము. సరకేమున్నదని వారి ప్రశ్న. పద్దుకు రావలసిన మొదటి పేరు కైవారము తాతయ్యది. కైవారము చింతామణి తాలూకాలోనిది. 2007లో చిక్కబళ్లాపురము జిల్లా వేరుపడువరకు మన కోలారు జిల్లాలోనే యుండెను. యోగి నారేయణ యతీంద్రులని ప్రసిద్ధులైన ఈ మహనీయులు 1726లో జన్మించి, 1836లో సమాధి చెందిరని సంప్రదాయము చెప్పుచున్నది. వారు కులవృత్తిచేత గాజుల వర్తకులు. మలారము భుజముమీద వేసికొని ఊరూర గాజులమ్మిన గృహస్థులు. పిదప కైవారము కొండగుహలో తపస్సు చేసి సిద్ధిపొందిరని పెద్దలు చెప్పుదురు. తమ యేలికయైన అమరనారేయణస్వామి పేర తెలుగున శతకము చెప్పిరి. తెలుగున కాలజ్ఞానము చెప్పిరి. కన్నడమునను కీర్తనలు పాడిరి. నేటికిని కైవారమున వారి తెలుగు పాటలను కన్నడిగులును తెలుగువారును ఒకే గొంతుకతో పాడుచున్నారు.

ఇది చిన్న సంగతియా? పాఠకులు నిదానించి ఆలోచింపవలెను. పీఠము లేదు, రాజాశ్రయము లేదు, శాస్త్రపాండిత్యముచేత వచ్చిన బిరుదు లేదు. గాజులమ్మిన సంసారి యొకడు గురువై, యోగమును ఆత్మవిద్యను ఇంటి భాషలో చెప్పెను. అట్టి గురువు కన్నడ దేశపు నడుమ తెలుగున ఏల పాడెను? ఆ తెలుగును విని గ్రహించిన జనులెవరు? ఏ కులములవారు ఆయన చుట్టును చేరిరి? మతచరిత్ర యనగా ఈ ప్రశ్నలు కాక మరేమి? శాసనము చెక్కించిన రాజులను మాత్రము లెక్కించి తాతయ్యను విడిచిపెట్టిన చరిత్ర, గోపురము నెక్కి చూచి, గుడిముందటి జనసమూహమును చూడని చరిత్ర.

రెండవ పద్దు పాపఘ్ని నదిది. నంది కొండల సీమలో పుట్టి, అనంతపురము కడప ప్రాంతముల మీదుగా పోయి పెన్నలో కలియు ఈ నది యొడ్డున పాపఘ్ని మఠము కలదు. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వాములవారు బాల్యమున ఈ మఠమునందే పెరిగిరని సంప్రదాయము. తెలుగు దేశమంతటను ఇంటింట వినబడు కాలజ్ఞానము వారిది. వీరబ్రహ్మముగారి కాలజ్ఞానమొకటి, తాతయ్య కాలజ్ఞానమొకటి: రెండింటికిని ఈ పాత కోలారు సీమతో సంబంధము చెప్పబడుచున్నది, రెండును తెలుగువే. ఒక నదీతీరము వెంబడి ఏ గురుశిష్య పరంపరలు నడచినవి? రాబోవు దినములను గూర్చి చెప్పు ఈ విధమైన పలుకునకు ఈ మెట్టభూములలో అంతటి ఆదరమేల కలిగెను? ఈ ప్రశ్నను ఆ వచ్చిన విద్వాంసుల ముందు పెట్టియుండినచో, వారు సంతోషించియుందురు గాని కోపించియుండరు. పెట్టినవారు లేరు. అదియే మా బాధ.

విద్వాంసులు మన మాట వినరను అపోహ కొందరికి కలదు. చరిత్ర అందుకు విరుద్ధముగా సాక్ష్యమిచ్చుచున్నది. 1799లో టిప్పు సుల్తాను పతనమైన పిదప, కాలిన్ మెకంజీ మైసూరు రాజ్యమును సర్వే చేయుటకు నియమింపబడెను. ఆయన వెంట ఊరూర తిరిగి శాసనములను, స్థలచరిత్రలను, తాళపత్రములను సమకూర్చినవారెవరు? ఏలూరునకు చెందిన తెలుగు సోదరులు, కావలి వెంకట బొర్రయ్య, కావలి వెంకట లక్ష్మయ్య మొదలగువారు. బొర్రయ్య 1803లో చిన్నవయసుననే మరణించెను. కాని ఆయన ఒక జైన గురువును కలిసి, ఆ మతమును గూర్చి తెలిసికొన్న విషయములను ఇంగ్లీషున అనువదించి మెకంజీకి ఇచ్చెను. అది ఏషియాటిక్ రిసెర్చెస్ తొమ్మిదవ సంపుటములో బొర్రయ్య పేరుతోనే అచ్చయినది. జైనమును గూర్చి ఐరోపా పండితులు తొలినాళ్ల చదివిన వ్రాతలలో అదియొకటి. ఒక తెలుగువాడు పొరుగువారి మతమును లోకమునకు వినిపించెను! అట్టివాని భాష మాటాడు మనము మన మతమునే వినిపింపలేమా?

మరియొక సాక్ష్యము సి. పి. బ్రౌను దొరది. 1820లో కడపకు వచ్చిన ఈ యధికారి జనుల నోటనున్న వేమన పద్యములను ఆదరించి, వ్రాతప్రతులు తెప్పించి, పండితుల సాయమున పరిష్కరించి, 1829లో ఇంగ్లీషు అనువాదముతో ప్రకటించెను. నాటి పండితులలో పెక్కురు వేమనను కవిగా నెంచనివారే. బ్రౌను ముందుగా విన్నాడు, పిమ్మట వ్రాసినాడు. ఆయనకు ప్రతులు తెచ్చి యిచ్చినవారు, చదివి వినిపించినవారు ఉండిరి గనుకనే వినగలిగెను. అతిథి చెవి ఎంత మంచిదైనను, పలుకువాడు లేక ఏమి వినును?

అంత దూరము పోనేల? మన బంగారు గనులలోనే పాఠమున్నది. మారికుప్పము, చాంపియన్ రీఫ్ గనులలో పనిచేసిన తమిళ కార్మికులు ఇరువదవ శతాబ్ది తొలి దినములలో అయోతీదాసు పండితుల బోధవలన బౌద్ధ సంఘములను స్థాపించుకొనిరి. పండితులవారు 1907లో మద్రాసున ప్రారంభించిన "తమిళన్" వారపత్రిక, వారు 1914లో గతించిన తరువాత కొంతకాలమునకు, 1920ల దశకమున ఈ గనుల ప్రాంతమునుండియే మరల వెలువడెను. పగలంతయు భూమిక్రింద రాయి కొట్టిన కార్మికుడు రాత్రి దీపమువద్ద తన మతమును గూర్చి తన భాషలో చదువుకొనెను. ఆ పత్రికలను, ఆ చిన్న పుస్తకములను దాచినవారు ఉండిరి. దాని ఫలమేమి? 1998లో జి. అలోషియసు అను పండితుడు ఆ తమిళ బౌద్ధ ఉద్యమమునుగూర్చి సమగ్రమైన గ్రంథము వ్రాసెను. నేడు దక్షిణదేశపు బౌద్ధమును గూర్చి ఏ విశ్వవిద్యాలయమున మాట వచ్చినను కోలారు బంగారు గనుల పేరు వచ్చును. ఆ ఉద్యమమునకు తోడు నిలిచిన పెద్దలలో పోకల లక్ష్మీనరసు ఒకరు. మద్రాసున విజ్ఞానశాస్త్రము బోధించుచు 1907లో ఇంగ్లీషున బౌద్ధసారమును రచించిరి. 1948లో ఆ గ్రంథము మరల అచ్చయినప్పుడు డాక్టరు అంబేడ్కరు దానికి పీఠిక వ్రాసిరి. ఇంటిపేరు తెలుగుది, పద్దు మాత్రము పొరుగువారి పుస్తకములో నున్నది. పొరుగువారిని మేము అసూయతో చూచుట లేదు, గౌరవముతో చూచుచున్నాము. వారు అచ్చు వేసిరి, దాచిరి, ఇచ్చిరి. అందుచేతనే అతిథి వారిని గూర్చి చెప్పగలిగెను.

మన సంగతి చూడుడు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. నాటినుండి పని వెదకికొనుచు ఎన్ని కుటుంబములు ఊరు విడిచినవో, ఎందరు తెల్లవారకముందే బెంగుళూరు రైలెక్కుచున్నారో పాఠకులకు తెలియును. ఇల్లు ఖాళీ చేయునప్పుడు పెట్టెలు తెరచెదరు. ఇత్తడి బిందె పోవునేమో యని భయపడెదరు గాని, అడుగునున్న చేవ్రాత భజన పుస్తకమును గూర్చి విచారింపరు. మా అంగళ్లకు పొట్లములు కట్టుటకై తూకమునకు వచ్చు పాత కాగితములలో తెలుగు తత్త్వములు వ్రాసిన బౌండు పుస్తకములు కనబడుట అరుదు కాదు. ఒక తరము చేతివ్రాత ఉప్పుపప్పుల పొట్లమై పోవుచున్నది. పదియేండ్లలో ఆ పాటలు నోటికి వచ్చిన ముసలమ్మలును ఉండరు. అప్పుడు మనము ఎవరిమీద కోపించినను లాభము లేదు.

ఈ మాట చెప్పినప్పుడు కొన్ని ఆక్షేపణలు వచ్చును. వానికిని జవాబు చెప్పెదము.

"ఇది భాషల తగవు రేపును" అని మొదటి ఆక్షేపణ. రేపదు. ఈ రాష్ట్రమున కన్నడము రాజ్యభాష, మన బిడ్డల చదువుభాష. దానిని ప్రేమించుట మన ధర్మము. మాలూరు తాలూకా మాస్తి గ్రామపు మాస్తి వెంకటేశ అయ్యంగారు ఇంట తమిళము మాటాడి, కన్నడమున కథలు వ్రాసి, 1983లో జ్ఞానపీఠము నందుకొనిరి. ముద్దేనహళ్లిలో తెలుగింట పుట్టిన విశ్వేశ్వరయ్యగారిని కన్నడ దేశమంతయు తన బిడ్డగా తలచుచున్నది. ఇది ఈ సీమ స్వభావము. తాతయ్య రెండు భాషలలోను పాడెను. ఆయనను సగము చెప్పి సగము విడుచుటయే తగవునకు మూలము. పూర్తిగా చెప్పుట తగవు తీర్చును.

"తత్త్వములు మూఢవిశ్వాసములు, విద్యార్థులకు పరీక్షలో మార్కులు తెచ్చిపెట్టవు" అని రెండవ ఆక్షేపణ. మతచరిత్రకారుడు భక్తుడు కానక్కరలేదు. కాలజ్ఞానము ఫలించునా ఫలింపదా యని తేల్చుట ఆయన పని కాదు. దానిని ఎవరు ఏల నమ్మిరో తెలియజెప్పుట ఆయన పని. నమ్మనివారికిని అది విద్యయే. మార్కులంటిరా, తన తాత పాడిన పాటను గూర్చి నాలుగు పుటలు వ్రాయగల విద్యార్థి, నోట్సు వల్లించినవానికంటె మేలుగానే వ్రాయును.

"మన పిల్లలకు తెలుగు లిపి రాదు గదా" అని మూడవ ఆక్షేపణ. ఇది బరువైన మాట. అయినను కన్నడ లిపిలో అచ్చయిన తాతయ్య తెలుగు పాటలను చదివి పాడువారు ఇప్పటికిని కలరు. లిపి రానంత మాత్రాన పాట పోనక్కరలేదు. ముందు పాటను ఏ లిపిలోనైనను నిలుపుదము. లిపి నేర్పు పని ఆదివారములందు సంఘము చేయవచ్చును.

వినుట మాత్రమే మన పని యనుకొనువారికి ఒక ఉదాహరణము చెప్పవలసియున్నది. తిరుత్తణిలో తెలుగింట పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణగారు మద్రాసు క్రిస్టియను కళాశాలలో చదువునప్పుడు, హిందూమతమును గూర్చి అచ్చటి ఆచార్యుల విమర్శలు వినిరి. విని ఊరకుండలేదు, కోపించి లేచిపోలేదు. తమ పెద్దల గ్రంథములు చదివి, 1908లో వేదాంతమునందలి నీతిని గూర్చి పరీక్షకు వ్యాసము సమర్పించిరి. 1918లో మైసూరు విశ్వవిద్యాలయమున ఆచార్యులైరి. 1926లో ఆక్స్‌ఫర్డు మాంచెస్టరు కళాశాలకు తామే అతిథిగా పోయి, హిందువుల జీవనదృష్టిని గూర్చి ఉపన్యసించిరి. వినిన విద్యార్థి పదునెనిమిదేండ్లకు వినిపించు అతిథి యైనాడు. ఉపన్యాసము వినుటకు ఫలము ఇట్లుండవలెను.

కావున మా కోరిక రెండు దిక్కులకు చేయుచున్నాము. కళాశాలల పెద్దలకు మనవి యేమనగా: ఈ సీమ మతములను గూర్చి అతిథిని పిలిచినప్పుడు, ఆయన ప్రసంగమునకు పిదప అరగంట సేపు ఈ సీమవారికి అవకాశ మిండు. ఒకరు కన్నడమున, ఒకరు తెలుగున, ఒకరు తమిళమున, ఒకరు ఉర్దూన తమ పెద్దల సంగతి చెప్పుదురు. అతిథిని సభామందిరమునుండియే సాగనంపక, ఒకపూట కైవారము తీసికొనిపొండు. రాళ్లతోపాటు గొంతుకలను కూడ వినిపింపుడు.

మన కుటుంబములకు మనవి యేమనగా: ఇంట చేవ్రాత పుస్తకమున్నచో తూకమునకు వేయవద్దు, సంఘమునకు తెచ్చి చూపుడు, ప్రతి పుటకు ఛాయాచిత్రము తీసి మీ పుస్తకము మీకే యిచ్చెదము. ఇంట పాడగల పెద్దలున్నచో, ప్రతి బిడ్డ జేబులోను నేడు ఫోనున్నది. వారి చెంత కూర్చుండి ఒక్కొక్క పాటను పట్టి, పాడినవారి పేరును, ఊరును, ఎవరివద్ద నేర్చిరో ఆ సంగతిని చెప్పించి దాచుడు. ముళబాగిలు, శ్రీనివాసపురము తాలూకాలలోని బంధువులకు ఈ మాట తెలుపుడు. ప్రతి ఇల్లు ఒక్క పాట ఇచ్చినను, ఏడాది తిరుగులోపల అచ్చు వేయదగిన పుస్తకమగును. మరల ఒక విద్వాంసుడు వచ్చునప్పుడు, ఆయన మెడలో పూలమాల వేసి, చేతిలో ఆ పుస్తకము పెట్టుదము. చదివి ఒప్పుకొనినను, కాదనినను, ఆ తరువాత ఆయన చెప్పు చరిత్రలో మన పద్దు ఉండి తీరును.